పసుపు తీగ కాలలేదు

నగరపాలక కార్యాలయం తయారుచేసిన ఆ పథకానికి ముప్పై నాలుగు పేజీలున్నాయి. అందులో సమస్యను చెప్పిన భాగం ఒకే ఒక వాక్యం: ‘ప్రస్తుత మోటార్ల సామర్థ్యము చాలకపోవుటవలన నాలుగు బ్లాకులకు నీటి సరఫరా తరచు స్తంభించుచున్నది.’ మిగిలిన పేజీలన్నీ ఆ వాక్యాన్ని నమ్ముకొని నడిచాయి. పెద్ద మోటార్లు కావాలన్నారు, మోటార్లకు పంపుహౌసు కావాలన్నారు, పంపుహౌసుకు స్థలం కావాలన్నారు. స్థలం కోసం బ్లాకుల వెనుక గోడను ఆనుకొని ఉన్న అయిదు రేకుల షెడ్లను తొలగించాలన్నారు. ఆ షెడ్లలో మూడోది కాయిలక్కది.

ఆ మొదటి వాక్యం తప్పు. అది తప్పని రుజువుతో సహా తెలిసిన మనిషి ఆ నగరంలో ఒక్కతే, ఆమె ఆ మూడో షెడ్డులోనే కూర్చుంది. ముప్పై నాలుగు పేజీలు రాయడానికి ఏడు నెలలు తీసుకున్నవారికి ఆ షెడ్డు కొలతలు తీసే తీరిక దొరికింది గానీ, లోపలున్న మనిషిని ఒక్క మాట అడిగే తీరిక దొరకలేదు.

కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం ఆమె వృత్తి, ఆ తీగచుట్టను కాయిల్ అంటారు కనుక ఆమె అందరికీ కాయిలక్క అయింది. మోటారు విప్పి, మాడిన రాగితీగను ఉలితో కోసి లాగేసి, గాడులు గీకి, కొత్త కాగితం పెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, లోపల బల్బులు వెలిగే పాత రేకుపెట్టెలో ఒక పగలంతా ఆరబెడుతుంది. చుట్టే యంత్రానికి ఉండవలసిన లెక్కమీట ఎప్పుడో పాడైంది కనుక చుట్లు నోటితోనే లెక్కపెడుతుంది. ఆ లెక్కలో ఉన్నప్పుడు ఎవరు పలకరించినా జవాబు అంకెలోనే వస్తుంది. “అక్కా, బాగున్నావా” అంటే “ముప్పై ఏడు” అంటుంది. తెలిసినవాళ్ళు ఆ అంకె విని, ఇంకెంతసేపు నిలబడాలో అంచనా వేసుకొని, గోడ నీడకు జరుగుతారు.

ఈ పని ఆమెకు మామగారు నేర్పారు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆయనకు భోజనం క్యారియరు తెచ్చేది. ఆయన కంటికి పొర కమ్మి సన్నతీగ కనబడని రోజున “ఈ కొస నువ్వు పట్టుకో తల్లీ” అన్నారు. ఆమె ఆ కొస మళ్ళీ వదల్లేదు. కొడుకులిద్దరికీ ఆ ఓపిక లేదు. పెద్దవాడు, ఆమె భర్త, లారీ స్టీరింగు పట్టాడు. చిన్నవాడు కరెంటు శాఖలో లైనుమాను అయి స్తంభాలెక్కాడు.

మొదటి ఏడాదే ఒక పిండిమర మోటారు వచ్చింది. కాలిపోయిందని యజమాని అన్నాడు, ఆమె చుట్టి ఇచ్చింది. నాలుగో రోజు అదే మోటారు మళ్ళీ మాడి వచ్చింది. మామగారు తిట్టలేదు.

“వాడేం చూశాడో అడిగావా?”

“కాలిపోయిందన్నాడు మామయ్యా.”

“అది వాడు తేల్చుకున్నది. చూసింది అడుగు.”

అడిగితే, మోటారు ఆగేముందు మర రాయి బిగుసుకుందని యజమాని చెప్పాడు. మర పట్టేసింది, మోటారు దానితో కుస్తీ పట్టి మాడింది. మోటారులో ఏ దోషమూ లేదు. తాను చుట్టిన కొత్త తీగనంతా ఆమె తన చేతులతోనే పీకవలసి వచ్చింది. గోళ్ళ కింద రాగి గుచ్చుకున్న ఆ మధ్యాహ్నం గురించి ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెప్పదు.

అప్పటినుంచి ఆమె షెడ్డులో ఒక చీటీ పద్ధతి ఉంది. మోటారు తెచ్చినవాళ్ళు అట్టముక్క మీద మూడు సంగతులు రాయాలి: ఏం చూశారు, ఏ వేళ, ఆ వేళలో చుట్టుపక్కల ఇంకేం నడుస్తోంది. ఏం పాడైందన్న ప్రశ్న ఆ చీటీలో లేనే లేదు. రెండో బ్లాకు కార్యదర్శి ఒకసారి అలిగాడు.

“మోటారు కాలింది. ఇందులో రాయడానికి రామాయణమేముంది?”

“కాలిందో లేదో నేను చెప్తాను. మీరేం చూశారో మీరు చెప్పండి.”

“పొగ చూశా.”

“పొగకు ముందు?”

“ముందు... మూలిగింది.”

“అదే రాయండి. మూలిగిందని రాయండి. సిగ్గుపడే మాటేం కాదు.”

గడిచిన పద్దెనిమిది నెలల్లో ఆ నాలుగు బ్లాకుల నుంచి పదకొండు మోటార్లు ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఆ మోటార్లకు కరెంటు మూడు తీగల మీద వస్తుంది, ఎరుపు, పసుపు, నీలం. లోపలి చుట్టలు కూడా మూడు జట్లు. మోయలేని బరువు వల్ల మోటారు కాలితే మూడు జట్లూ ఒకేలా మాడతాయి. మూడు తీగల్లో ఒకటి చచ్చిపోయి, మోటారు మిగిలిన రెండింటి మీదే ఈడ్చుకుంటూ నడిస్తే, ఆ రెండు జట్లూ బొగ్గవుతాయి, మూడోది మాత్రం దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్టు మెరుస్తూ ఉంటుంది. మోటారు విప్పినవాళ్ళకు ఇది పుస్తకం చదివినంత తేట. పదకొండులో తొమ్మిది మోటార్లలో రెండు జట్లు బొగ్గు. ఆ తొమ్మిదింటిలోనూ మెరుస్తూ మిగిలింది పసుపు జట్టే. ఆ తొమ్మిది చీటీల మీదా వేళ ఒకటే, సాయంత్రం ఆరుకూ ఏడుకూ మధ్య.

అంటే నీళ్ళు రాకపోవడానికి కారణం మోటారు చిన్నదవడం కాదు. పసుపు తీగ మీద కరెంటు సాయంత్రాలు చచ్చిపోతోంది. ఈ సంగతి కరెంటు శాఖ పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కలేదంటే, ఫిర్యాదు కేంద్రం అడిగే ప్రశ్న ఒక్కటే: మీ బ్లాకులో కరెంటు ఉందా, లేదా? బ్లాకుల ఇళ్ళు మూడు తీగల మీదా పంచి ఉంటాయి. ఒక తీగ పోతే మూడోవంతు ఇళ్ళు చీకటవుతాయి, మిగతా ఇళ్ళలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. “పక్కింట్లో ఉందండీ” అంటే “అయితే ఉన్నట్టే” అని ఫోను పెట్టేస్తారు. ప్రశ్నను ఇంత ఇరుగ్గా కట్టినవాళ్ళు, ఆ ఇరుకులో పట్టని బాధ లోకంలోనే లేదని నివేదికలు పంపుతారు.

తొలగింపు నోటీసు తెచ్చిన సర్వే గుమాస్తా షెడ్డు ముందు నిలబడి, “అమ్మా, ఈ స్థలం ఖాళీ చేయడానికి మీకేమైనా అభ్యంతరమా” అని అడిగాడు. ఆమె చుట్లలో ఉంది. “నలభై ఒకటి” అంది. అతను మళ్ళీ అడిగాడు. “నలభై రెండు” అంది. అతను నోటీసు రేకుకు అంటించి, తన పంచనామాలో ‘నివాసి అభ్యంతరము తెలుపలేదు’ అని రాసుకొని పోయాడు. మౌనం అర్ధాంగీకారమన్నది సామెతగా చెల్లవచ్చు. ఒక మనిషి జీవనాధారాన్ని తీసేసే పత్రంలో అది చెల్లదు. ఇక్కడ మౌనం కూడా లేదు, అంకె ఉంది. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాయలేని చేతికి పంచనామా రాసే అధికారం ఎవరిచ్చారో ఆ శాఖ ఈ రోజుకీ చెప్పలేదు.

నోటీసుకు జవాబివ్వడానికి పదిహేను రోజుల గడువుంది. ఇలాంటి నోటీసులు అందినవారి తరఫున వాదించే మా లాయర్ల సంఘం ఏడు పేజీల అభ్యంతర పత్రం తయారుచేసింది, దాన్ని నేనే తీసుకెళ్ళి ఆమెకు ఇచ్చాను. ఆమె చేతులు తుడుచుకొని, నిలబడే మొత్తం చదివింది.

“బాగా రాశారు. సమస్య అని రాసినచోట ఏముందో ఒకసారి చదువమ్మా.”

‘అయిదు కుటుంబముల జీవనోపాధికి భంగము’ అని ఉంది. చదివాను.

“ఇది రేపు వాళ్ళు షెడ్లు పీకితే జరిగేది. నీళ్ళెందుకు రావట్లేదన్నది ఇందులో ఏదీ?”

“కేసు షెడ్డు గురించే కదా అక్కా.”

“పెద్ద మోటారు కావాలని వాళ్ళు రాశారు. షెడ్డు ఉండాలని మీరు రాశారు. ఇద్దరూ మందే రాశారు, జబ్బు ఎవరూ రాయలా. నా షెడ్డు మీద జాలిపడి నాలుగు బ్లాకుల నీళ్ళు ఎవరాపుతారు? నన్నే తిడతారు, తిట్టాలి కూడా.”

ఆమె నాలుగో పేజీ తిప్పింది. “ఇదేంటి, పదకొండు మోటార్లా? తొమ్మిది. ఒకదాంట్లో బేరింగు పట్టేసింది, ఇంకోదాంట్లోకి ఎలుక దూరింది.”

“పదకొండంటే బలంగా ఉంటుందక్కా.”

“రెండు అబద్ధమని తేలితే తొమ్మిదీ పోతాయి. ఏం చదివావమ్మా లా?”

ఏడు పేజీలూ పక్కన పడ్డాయి. ఆమె చెప్పగా రాసిన పత్రం ఒక్క పేజీ అయింది. అందులో షెడ్డు ప్రస్తావన చివరి రెండు పంక్తుల్లోనే ఉంది.

పసుపు తీగ ఎందుకు చస్తోందన్నది ఇంకా మిగిలింది. దానికి జవాబు ఆమె ఇంట్లోనే ఉంది. ఆ బ్లాకుల స్తంభం ఎక్కే లైనుమాను ఆమె మరిది. ఆదివారం పొద్దున అతను గడపలో కూర్చొని బూట్లు తుడుచుకుంటూ ఆమెను కవ్వించాడు.

“వదినా, లాయర్లతో తిరుగుతున్నావట. ఇక మాలాంటోళ్ళతో మాట్లాడతావా?”

“స్తంభం దిగితే మాట్లాడతాను. పెట్టెలో పసుపు ఫ్యూజు ఎవరు కట్టారు?”

అతని గుడ్డ ఆగింది. “ఎవరో కట్టుంటారు.”

“అది ఎక్కేది నువ్వొక్కడివి. కోతులొచ్చి కట్టాయా?”

అతను బూటు కింద పెట్టాడు. “లావు తీగ స్టోర్లో లేదు వదినా. ఏడాదిన్నరైంది. ఎరుపుకీ నీలానికీ పాత తీగ ఉంది, ఆగుతోంది. పసుపుది తెగినప్పుడు నా జేబులో సన్నతీగే ఉంది, కట్టేశా. సాయంత్రం అందరూ ఇస్త్రీలు, హీటర్లు పెట్టగానే టప్పున తెగుద్ది. వెళ్ళి మళ్ళీ కడతా.”

“అదే సన్నతీగతో.”

“అదే. నువ్వు ఫ్యూజు మాటెత్తావంటే ముందు నా మెడకే చుట్టుకుంటుంది.”

“తీగ సన్నమని రాస్తాను. కట్టిన చెయ్యి గురించి నేను రాయను.”

“వాళ్ళు చెయ్యి గురించే అడుగుతారు. నీకు తెలీదు వాళ్ళ సంగతి.”

“స్టోరుకి రాసి అడిగావా?”

“నాలుగుసార్లు. నాలుగుసార్లూ లేదని కొట్టి పంపారు. కాగితాలున్నాయి.”

“ఉంటే దాచుకో. రమ్మని నిన్ను నేను అడగను. నా షెడ్డు నిలవడానికి నీ కొలువు ఊడగొట్టలేను. అలాగని మోటారు చిన్నదన్న అబద్ధానికి సంతకం పెట్టలేను.”

అతను లేచి, బూట్లు వేసుకొని వెళ్ళిపోయాడు.

విచారణ నాటికి మిగతా నాలుగు షెడ్లవారూ ‘సమ్మతము’ అన్న గడిలో గుర్తు పెట్టేశారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రత్యామ్నాయంగా మార్కెట్టు వెనుక కాంక్రీటు గదులిస్తామన్నారు, వానకు కారని గది వద్దనుకునేవారెవరు? ఆ పత్రం మీద రెండే గడులున్నాయి, సమ్మతము, అసమ్మతము. కాయిలక్క రెండింటినీ ఖాళీగా వదిలేసి, కింద ఫ్యూజు తీగ మాట కూడా చేర్చిన తన ఒక్క పేజీని గుచ్చింది.

విచారణ గదిలో ఎత్తయిన బల్ల, బల్ల వెనుక విచారణాధికారిణి, పక్కన నగరపాలక ఇంజనీరు, మూలన టైపిస్టు ఉన్నారు. కాయిలక్క గోనెసంచిలోంచి మోటారు పొట్టలు, అంటే తీగ చుట్టి ఉండే భాగాలు, రెండు తీసి, బల్ల మీది కాగితాలు జరిపి పెట్టింది. మాడిన వార్నిష్ వాసన గదంతా అల్లుకుంది. అవి ఇంకా కొత్త తీగ చుట్టనివి, వాటి యజమానుల అనుమతితోనే తెచ్చింది.

“ఇవెందుకమ్మా ఇక్కడ” అన్నాడు ఇంజనీరు.

“మీరు మా షెడ్డుకి వచ్చి చూడలేదని, వాటినే తెచ్చాను సార్. ఈ రెండు జట్లూ చూడండి, బొగ్గు. ఇది చూడండి, పసుపుది. మీ మొహం కనబడుతుంది ఇందులో.”

“పెద్ద మోటారు పెడితే ఈ బాధలేవీ ఉండవు.”

“ఎద్దు ఎంత పెద్దదైతే ఏంటి సార్, మూడు కాళ్ళ మీద పరిగెత్తుతుందా?”

టైపిస్టు తల వంచుకొని నవ్వాడు. ఇంజనీరు గొంతు పెంచాడు. “ఒక తీగ పోతే స్టార్టరే మోటారుని ఆపేస్తుంది. ఆ మాత్రం మాకూ తెలుసు.”

“ఆపాలి. ఆపే రిలేలన్నీ ఏడాదిన్నర కిందట మీ మనిషే పీకేసి నేరుగా కలిపి వెళ్ళాడు, మాటిమాటికీ ఆగిపోతోందని. ఎందుకు ఆగుతోందో అడగలేదు. ఆగడమే రోగమనుకున్నాడు. రెండో బ్లాకు కార్యదర్శి దగ్గర వాళ్ళ రిలే ఇంకా డబ్బాలో పడుంది, కావాలంటే తెప్పించండి.”

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు సాగిన ఆ పథకంలో అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఇదే. అధికారిణి కళ్ళజోడు తీసింది.

“చూడమ్మా, పథకం మంజూరైపోయింది. ఈ దశలో సమస్యను మార్చడానికి వీల్లేదు.”

“నేను మార్చట్లేదు మేడమ్. అది ఎప్పుడూ ఇదే. కాగితం మీదే వేరేది రాశారు.”

“మీకు మంచి గది ఇస్తున్నాం కదా.”

“ఆ గదికే మీ పెద్ద మోటారు మాడి వస్తుంది. నేను చుట్టి పంపాలి. మళ్ళీ వస్తుంది. నాకు మంచి బేరమే. అయిదో అంతస్తులో మోకాళ్ళు పట్టేసిన ముసలాళ్ళు మాత్రం బకెట్లు మోస్తూనే ఉంటారు. తెలిసి తెలిసి అందులో చెయ్యి పెట్టను. షెడ్డు పీకండి, పీకేముందు నీళ్ళెందుకు రావట్లేదో నిజం రాసి పీకండి.”

“ఫ్యూజు తీగ సన్నమని రాశారు. మీరు స్తంభం ఎక్కి చూశారా?” అన్నాడు ఇంజనీరు. ఆ రోజంతటిలో అతను వేసిన సరైన ప్రశ్న అదొక్కటే. ఆమె దగ్గర జవాబుంది, చెప్పలేదు. మరిది పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిందని ఆమె పక్కన ఉన్నవాళ్ళందరికీ కనిపించింది.

“నేను చూశానండి” అన్న మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. ఖాకీ బట్టల్లో, చేతిలో నాలుగు కాగితాలతో ఆమె మరిది నిలబడ్డాడు. “ఆ స్తంభం లైనుమానుని, ఈమె మరిదిని. కట్టింది కూడా నేనే. లావు తీగ కోసం నాలుగుసార్లు అడిగాను. ఇవిగో, నాలుగిటి మీదా ‘నిల్వ లేదు’ అని స్టోరు ముద్ర.”

“మీ వదిన కోసం వచ్చావా?” అన్నాడు ఇంజనీరు.

“ఆమె పిలవలేదు సార్. పిలిచుంటే వచ్చేవాణ్ణి కాదు, ఆమె మాట నేనెప్పుడు విన్నాను గనక.”

అధికారిణి నాలుగు కాగితాలనూ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. తరువాత టైపిస్టుకు చెప్పడం మొదలుపెట్టింది. “కొందరు స్థానికులు విద్యుత్ అంతరాయము ఉన్నదను అపోహతో...”

“చదివించండి మేడమ్” అంది కాయిలక్క.

టైపిస్టు చదివాడు.

“కొందరు కాదు, నేను. అపోహ అన్న మాట తీసేయండి, తొమ్మిది మోటార్లు అని పెట్టండి. అంతరాయం అంటే చాలదు, పసుపు తీగ, సాయంత్రం ఆరు ఏడు మధ్య అని ఉండాలి.”

రెండోసారి చదివించింది. రిలే సంగతి లేదంది. మూడోసారి చదివించింది. ఈసారి స్టోరు మాట ఉందిగానీ ‘సిబ్బంది నిర్లక్ష్యము’ అన్న ముక్క కొత్తగా దూరింది. “నాలుగుసార్లు రాసి అడిగినవాడిది నిర్లక్ష్యమైతే, నాలుగుసార్లు లేదన్నవాళ్ళది ఏమంటారో అది కూడా రాయండి” అంది. ఇంజనీరు కిటికీ వైపు తిరిగాడు. అధికారిణి ఆ ముక్క కొట్టివేయించింది.

చివరికి నిలిచిన ఉత్తర్వు ఇది: పసుపు తీగకు సరైన ఫ్యూజు వేసి, స్టార్టర్లలో రిలేలు తిరిగి అమర్చి, ముప్పై రోజులు పరీక్షించాలి. అంతవరకు షెడ్ల తొలగింపు నిలుపుదల. నోటీసు రద్దు కాలేదన్నది ఇక్కడ స్పష్టంగా రాయాలి, ఎందుకంటే గెలిచామని చెప్పుకొని ఇంటికి పోయినవాళ్ళ షెడ్లే ముందు కూలుతాయి. మరిదికి ఆ వారంలోనే సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. దానికి జవాబు వెళ్ళింది, పోరు నడుస్తోంది. ఆ శాఖ తాటాకు చప్పుళ్ళకు బెదరడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ రోజు విచారణ ముగిసిందని అందరూ లేచారు. కాయిలక్క లేవలేదు. ముద్ర వేసిన ప్రతి కావాలంది.

“పోస్టులో వస్తుందమ్మా.”

“పోస్టు బయల్దేరే చోటికే వచ్చాను కదా, ఇక్కడే తీసుకుంటాను.”

ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. పక్కన మరిది, కాళ్ళ దగ్గర గోనెసంచి. మూడు దాటింది, నాలుగు దాటింది. బంట్రోతు రెండుసార్లు వచ్చి రేపు రమ్మన్నాడు. “రేపు నాకు పనుంది బాబూ, ఇవాళ ఖాళీ” అంది. “పద వదినా, నాకు ఆకలేస్తోంది” అన్నాడు మరిది. “నువ్వు స్తంభం మీద గంటలు గంటలు కూర్చుంటావు కదా, ఇది బల్ల, ఇంకా మెత్తన” అంది.

అయిదుకు పది నిమిషాలుండగా టైపిస్టు కాగితం తెచ్చాడు. ఆమె వెంటనే మడిచి పెట్టుకోలేదు. కిటికీ వెలుతురుకు పట్టి, పై నుంచి కింది దాకా వేలితో గీసుకుంటూ చదివింది. ముద్ర ఉంది. సంతకం ఉంది. పసుపు తీగ ఉంది, తొమ్మిది ఉంది.

“ముప్పై రోజులన్నారు, ఏ రోజు నుంచి? తేదీ వేయలేదు” అని కాగితాన్ని అతని చేతిలోనే పెట్టి, మళ్ళీ లోపలికి పంపింది.